పసుపు గుడ్డను నమ్ముకున్న శెట్టి

మా రాజంపేట బజారులో అంగడి పెట్టుకున్నవాడు నడవవచ్చు, కూర్చోవచ్చు, మధ్యాహ్నం గల్లాపెట్టె మీద తలవాల్చి కునుకు తీయవచ్చు. పరిగెత్తకూడదు. పరిగెత్తాడంటే ఐపీ పెట్టాడని, అంటే అప్పులకు చేతులెత్తేసి ఊరు విడిచి పోతున్నాడని అర్థం. ఈ సంగతి బజారులో పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ తెలుసు, నా పక్క అంగడి రాఘవేంద్రప్రసాద్‌కు తప్ప.

ప్రసాద్‌ది బట్టలంగడి, నాది స్టీలు సామాన్లది. ఇద్దరి ఇండ్లూ అంగళ్ల వెనకే, మధ్యలో ఒకే గోడ. ఆ గోడ ఇవతల కూర్చుని అతని సంసారమంతా వింటున్నవాణ్ణి కాబట్టి ఈ కథ చెప్పే అర్హత నాకే ఉంది.

యాభై దాటాక అతనికి షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. మనవాడు ఏదీ సగంసగం చేసే రకం కాదు, పరుగే మొదలుపెట్టాడు. మొదటిరోజు తెల్లారుతుండగా నిక్కరు వేసుకుని బజారు వీధి వెంట పరిగెత్తాడు. పాలకు వచ్చినవాళ్లు చూశారు. అంగడి తెరిచేసరికి అరువుకు సరుకు వేసినవాళ్లంతా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లకు కాఫీలు పోసి, షుగరు రిపోర్టు చూపించి పంపేసరికి మధ్యాహ్నమైంది.

ఆ సాయంత్రం గోడ అవతల వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ గొంతు ఖంగుమంది. "ఒరే ప్రసాదూ! మన ఇండ్లల్లో పరిగెత్తేది అప్పులోల్లను చూసేరా! మీ నాయన రైలు కోసరం గూడా బిరబిరా నడిచినోడు కాదు. రైలు పోతే పోనీ, పరువు ఉంటే సాలనేవాడు."

అప్పట్నుంచి ప్రసాద్ బూట్లను సంచిలో పెట్టి, పైన ఒక టెంకాయ వేసుకుని, గుడికి పోతున్నట్టు పోయి కాలేజీ గ్రౌండులో చుట్లు కొట్టేవాడు. ఎందుకంత తంటా అని అడిగితే, "అదొక్క గంటే మామా, నన్ను ఎవురూ ధర తగ్గించమని అడగరు," అన్నాడు. నేను నవ్వాను గానీ, మాట మటుకు మనసులో ఉండిపోయింది.

ఈలోగా కడప నుంచి పరుగుల పిచ్చి ఉన్న కుర్రాళ్లు కొందరు వచ్చి, పాలకొండల్లో ట్రైల్ రన్ పెడుతున్నామన్నారు. రోడ్డు మీద కాదు, అడవి కాలిబాటల్లో గుట్టలెక్కి దిగాలి. పూర్తి చేసినవాళ్లకు మెడలో మెడల్ వేస్తారు. ప్రసాద్ తల్లి కాళ్లావేళ్లా పడ్డాడు. ఆవిడ బాగా ఆలోచించి తీర్పు చెప్పింది. "ఆ బిళ్ళ తెచ్చి అంగట్లో తగిలించు. నువ్వు పరిగెత్తేది ఆటకేనని నలుగురూ నమ్ముతారు. తేకపోతివా, ఆ బూట్లు మన నరసింహకు ఇచ్చేసి ఇంట్లో మూల కూర్చో." నరసింహ వాళ్ల గుమాస్తా. ఆ మాట విన్నప్పట్నుంచి అతని చూపు శెట్టి మొహం మీద కంటే కాళ్ల మీదే ఎక్కువగా ఉండేది.

దారి తప్పకుండా చెట్లకు గుర్తులు కట్టడానికి ఆ కుర్రాళ్లు పసుపు గుడ్డ కొన్నది కూడా ప్రసాద్ అంగట్లోనే. ముక్కలుగా చింపి ఇచ్చింది అతనే. ఇక చూడండి అతని ధీమా! పందెం నాడు కొండ కింద నిర్వాహకులు, "దారి చీలినచోట నేల మీద ముగ్గుపిండితో వేసిన బాణం చూడండి," అని అరుస్తుంటే మనవాడు వినలేదు. "నా చేత్తో చింపిన గుడ్డ. నాకు దారి తెలీదా?" అని పక్కవాళ్లకు తన సరుకు గొప్ప చెప్పుకుంటున్నాడు.

కాలేజీ గ్రౌండు వేరు, కొండ వేరని మొదటి గుట్టకే తెలిసిపోయింది. గులకరాళ్లు కాలి కింద జారుతుంటే రెండడుగులు ఎక్కి ఒకడుగు దిగేవాడు. రేగుముండ్లు చొక్కా పట్టుకుని, అరువు అడిగే చుట్టం మాదిరి ఒక పట్టాన వదల్లేదు. ఎండిన వంక దాటేసరికి అతని వెనక ఒక్కరూ మిగల్లేదు. ముందున్నవాళ్లు కనిపించడం మానేశారు. అయినా ప్రతి పొదకూ పసుపు గుడ్డ కనిపిస్తూనే ఉంది. దారి రెండుగా చీలినచోట కుడివైపు ఒకే గుడ్డ, ఎడమవైపు చెట్టుకు పది. ఎక్కువ గుడ్డలున్నదే పెద్ద దారని వ్యాపారస్తుడి లెక్క వేసుకుని, ఎడమవైపు తిరిగాడు.

ఆ గుడ్డల వెంట పోగా పోగా కొండగంగమ్మ రాయి వచ్చింది. అక్కడ గంగక్క అనే ఆవిడ కుటుంబమంతా పొంగలి పెట్టుకుని ఉన్నారు.

"ఏమప్పా, నిన్నెవురు తరుముకుంటాండారు?" అంది గంగక్క.

"ఎవురూ లేరక్కా, పందెం. ముందొచ్చినోల్లు యాడికి పోయినారు?"

"ఈడికి ఎవురూ రాలేదే. నువ్వే ఫస్టు."

ఒక్క క్షణం ప్రసాద్ ఛాతీ ఉబ్బింది. తర్వాత అనుమానం వచ్చి ఆ గుడ్డలు ఎవరు కట్టారని అడిగాడు.

"మేమేనప్పా, మొక్కుకున్నోల్లం. దారి పొడుగునా కడతాం. రాజంపేటలో ఒక శెట్టి అమ్ముతాడు, శానా మంచి గుడ్డ. ఎండకు వెలవదు, వానకు సినగదు."

ప్రసాద్ ఒక గుడ్డ పట్టుకుని చూశాడు. తన సరుకే. ముడుపులకని ఏళ్ల తరబడి తానే అమ్మిన గుడ్డ కొండంతా రెపరెపలాడుతోంది. అక్కడే కూలబడ్డాడు. మెడల్ పోయింది, బూట్లు పోయాయి, ఆ ఒక్క గంటా పోయింది. "నిజంగానే ఏడుపొచ్చింది మామా," అని తర్వాత నాతో చెప్పాడు.

ఆ కన్నీళ్లు చూసి గంగక్క భక్తి అనుకుంది. మొహాన ఇంత కుంకుమ పూసింది, మెడలో బంతిపూల దండ వేసింది, షుగరు మాట ఎత్తనివ్వకుండా బెల్లం పొంగలి తినిపించింది. కొండ దించి, తన వాళ్లతోపాటు ఆటో ఎక్కించి, ఇంటిదాకా తెచ్చి దింపింది.

ఆటో బజారులో ఆగేసరికి నరసింహ గడప దగ్గరే ఉన్నాడు. మెడలో బిళ్ళ లేదని గమనించి, చూపు బూట్ల మీదికి దించాడు. రాజ్యలక్ష్మమ్మ బయటికొచ్చి నోరు తెరిచేలోపే గంగక్క అందుకుంది. "నీ కొడుకు శానా గొప్పోడమ్మా! నడిచేకే మా పానం పోతాది, ఈయప్ప కొండమీదికి పరిగెత్తుకుంటా వచ్చి మొక్కు తీర్చుకున్న్యాడు!"

ముసలావిడ చేతులు వాటంతటవే జోడయ్యాయి. వీధిలో జనం ఆగారు. "ఏమని మొక్కుకుంటివిరా?" అంది, గొంతు తగ్గించి.

ప్రసాద్ నిజం చెప్పబోయాడు. నరసింహ ఇంకా అతని బూట్లనే చూస్తున్నాడు. "రోజూ పొద్దున్నే పరిగెత్తుతానని మొక్కుకున్న్యానమ్మా," అనేశాడు.

ఆ సాయంత్రానికల్లా ఐపీ మాట బజారులో మాసిపోయింది. శెట్టిది మొక్కట! పసుపు గుడ్డ కూడా ఎప్పుడూ లేనంత అమ్ముడుపోయింది. రాత్రి ప్రసాద్ గోడ మీంచి నాకు వంగి వంగి చెప్పుకుని మురిసిపోయాడు.

తెల్లారకముందే గోడ అవతల తలుపు దబదబా మోగింది.

"లెయ్‌రా, మొక్కు ఉండాది."

"కాళ్లు కదలడం లేదమ్మా. ఈ ఒక్కరోజుకూ వదిలెయ్."

"గంగమ్మతోనే బేరమా? లెయ్!"

మంచం కిర్రుమంది. కుంటుకుంటూ పోయి బూట్ల కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

"బూట్లేందిరా, మొక్కుకు? ఉత్తకాళ్లతో పో. అవి రాత్రే నరసింహకు ఇచ్చేస్తి."