తోటలో కళ

ఈ పొద్దున జామచెట్ల మధ్య పార దింపగానే తుంగగడ్డ తెగి వాసన లేచింది. తడి మట్టితో కలిసిన ఆ ఘాటు వాసన తగిలితే చాలు, నాకు రూతమ్మ టీచర్ గుర్తొస్తారు.

బీదర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన ఆమె, చిమ్కోడ్ దగ్గర తన వాటా భూమిలో జామ మొక్కలు పెట్టించారు. వాటిని చూసుకోవడానికి సంగారెడ్డి వైపు నుంచి వచ్చి నేను పనిలో చేరాను. ఆ భూమిని ప్లాట్లు చేసి అమ్మేయాలని ఆమె అన్నలకు తొందర. ఒక్క వానాకాలం గడువిచ్చారు. అప్పటికి మొక్కలు నిలదొక్కుకోకపోతే తానే సంతకం పెడతానని ఆమె మాటిచ్చేశారు. ఆ మాట తలుచుకుంటే ఆమెకంటే నాకే ఎక్కువ గుబులుగా ఉండేది.

వానలు పడ్డ కొత్తలో పక్క చేను రైతు గట్టు మీద ఆగి, "తోటదల్లి కళె జాస్తి ఆగిదె" అన్నాడు. నాకు అప్పటికి కన్నడం అంతంతమాత్రం. మన తోటకు కళ వచ్చిందంటున్నాడని మురిసిపోయి దండం పెట్టాను. ఆయన నన్ను వింతగా చూసి వెళ్లిపోయాడు. సాయంత్రం టీచరమ్మకు ఈ సంగతి గొప్పగా చెబితే, ఆమె కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"యాదయ్యా, కన్నడంల కళె అంటే కలుపు! ఆయన మెచ్చుకోలే, తోట ఖరాబైతుందని చెప్పిండు."

ఆ రోజు నుంచి మా మధ్య కలుపుకు ఆ పేరే స్థిరపడింది. తోటలో అడుగు పెడుతూనే "ఇయ్యాల కళ ఎట్లుంది?" అని అడిగేవారు.

మొక్కల కంటే అదే బాగుంది. ఆగలేక ట్రాక్టర్ తెచ్చి సాళ్ల మధ్య దున్నించాను. వారం తిరక్కుండా తుంగ మునుపటి కంటే ఒత్తుగా మొలిచింది. నేను తల పట్టుకుంటే, టీచరమ్మ నేల మీద కూర్చుని ఒక తుంగ మొక్కను వేళ్లతో మెల్లగా తవ్వి తీశారు. కింద ఒక గడ్డ, దాని నుంచి దారంలాంటి వేరు, ఆ కొసన ఇంకో గడ్డ.

"అరె, పూసల దండ లెక్క ఉంది చూడు! మనం దున్ని దండ తెంపినం. ఏ పూసకు ఆ పూస మొలిచింది."

"మరి గడ్డిమందు కొడదామా అమ్మా?"

"గాలికి లేత మొక్కల మీద పడితే? ఏది పని చేస్తదో నాకూ తెల్వదు. చూద్దాం."

ఒక పెద్ద మనిషి అంత హాయిగా తెలియదనడం నేను వినడం అదే మొదటిసారి. కొన్ని వరుసల్లో మొక్కల చుట్టూ ఎండిన చెరుకు ఆకు పరిపించారు. కొన్నింటిలో నల్ల ప్లాస్టిక్ షీటు, మరికొన్నింటిలో సాళ్ల మధ్య ఒత్తుగా జనుము విత్తనం చల్లించారు. చివరి వరుసను మాత్రం నన్ను ముట్టనివ్వలేదు. ఎందుకని అడిగితే నవ్వి పక్క వరుసకు నడిచారు.

గొడుగు పట్టుకుని రోజూ వచ్చి చూసేవారు. చెరుకు ఆకు మామూలు గడ్డిని ఆపింది గానీ తుంగను ఆపలేకపోయింది. తుంగ ప్లాస్టిక్‌ను సూదిలా పొడుచుకుని బయటికి వచ్చినప్పుడు ఆమె చప్పట్లు కొట్టినంత పని చేశారు. నాకేమో ఏడుపొచ్చింది. జనుము నడుమెత్తు పెరిగాక ఇద్దరం వంగి లోపలికి తొంగి చూశాం. నీడలో తుంగ పాలిపోయి, సన్నబడి, అక్కడక్కడా మిగిలింది.

"దీనికి నీడంటే పడదన్నట్టు!" అన్నారు చిన్నపిల్లలా. పూతకు ముందే జనుము కోసి మొదళ్లకు పరిచి, వెంటనే మళ్లీ చల్లాం. మిగతా వరుసల్లోనూ అదే చేశాం, ఆ చివరిదాంట్లో తప్ప.

వానాకాలం చివర అన్నలు వచ్చారు. తోటంతా చిగుళ్లతో నిలబడి ఉంది. పెద్దాయన చివరి వరుస దగ్గర ఆగి, తుంగలో మునిగి గిడసబారిన మొక్కలను చూపించారు.

"దీన్నెందుకు ఇట్ల ఇడిచిపెట్టినవ్ చెల్లే?"

"ఇది లేకుంటే మిగిలినయి మనమేం చెయ్యకున్నా బతికినయనుకుంటరు అన్నా."

ఆయన ఆ వరుసనూ పక్క వరుసనూ మార్చి మార్చి చూశారు. ప్లాట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

టీచరమ్మ ఇప్పుడు లేరు. ఆమె లేని లోటు నాకు ప్రతి వానాకాలం కొత్తగానే ఉంటుంది. తోట ఉంది. ఏటా ఏదో ఒక కొత్త పద్ధతి చేసి చూస్తాను, పక్కనే ఒక వరుసను ముట్టకుండా వదిలేస్తాను. చూసినవాళ్లు బద్ధకమనుకుంటారు. నిన్న పక్క చేను రైతు గట్టు మీద ఆగి, ఆ వరుసను చూసి, "కళె జాస్తి ఆగిదె" అన్నాడు.

ఈసారి అర్థం తెలిసే దండం పెట్టాను.