మార్జిన్ లేని బనీను

ఇంద్రేశంలో కొత్త లేఅవుట్ల మలుపు దగ్గర నూరుద్దీన్ టైలరు షాపు. ఆరో తరగతిలో ఆయన బడి మానలేదట, బడే ఆయన్ని మానుకుందట. వాళ్ల తాత ఎవరో నవాబు గారి ఏనుగుకు షేర్వాణీ కుట్టాడనీ, ఆ ఏనుగు దాన్ని విప్పనని మొండికేసిందనీ చెబుతాడు. గుండీలెన్నని అడిగితే రోజుకో లెక్క. ఒక్కటి మాత్రం నిజం. పిల్లల బట్టలు వదులుగా కుడతాడు, లోపల ఇంత మార్జిన్ మడిచి పెడతాడు. కంది ఊళ్లో ఓ పిల్లాడి రెండో తరగతి నిక్కరు, ఆ మడతలు విప్పుకుంటూ పోతే, పెళ్లినాటికి ప్యాంటు అయిందని ఒట్టేసి మరీ చెబుతాడు.

అలాంటి మనిషి దగ్గరికి ధనలక్ష్మి బిగుతు బనీను కుట్టమని వచ్చింది. పటాన్‌చెరులో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. ఏడేళ్ల కూతురు లాస్య, బడి గంట మోగినా, పక్కపిల్ల మోచెయ్యి తగిలినా, చెవులు మూసుకుని గేటు దాటి పరుగెత్తుతుంది. బయట లారీల రోడ్డు. ఇంకోసారి పరుగెత్తితే పిల్లను ఉంచుకోలేమని టీచర్ చెప్పేసింది.

"సంగారెడ్డిల థెరపీ మేడమ్ గసొంటి బనీను తొడిగి సూసింది భాయ్. ఒంటిని దగ్గరికి పట్టుకున్నట్టుంటదట. పిల్ల నిమ్మళంగ కూసున్నది. కొందామంటే దీని కొలతది దొరుకుతలేదు."

"బిగుతుగనా? బిడ్డకు ఊపిరాడొద్దా?"

"ఆడాలె. లోపలికి వేళ్లు దూరాలె, కొద్దిసేపే తొడగాలె అన్నది. అన్నీ అడిగే వచ్చిన."

"ఏనుగుకు కుట్టిన ఖాన్‌దాన్ మాది. ఇదెంత!"

లాస్య టేపు తగలనివ్వలేదు. పాత బనీను చూసి కొలత రాసుకున్నాడు. కొలత సరిగ్గానే రాశాడు గానీ, కత్తెర పట్టిన చెయ్యి అలవాటు కొద్దీ పక్కకు జరిగింది. లాస్య తొడుక్కుంది, వేలాడుతున్న గుడ్డను లాగి చూసింది, విప్పి ఇస్త్రీ బల్ల కిందికి విసిరేసింది.

"దీంట్ల నేను సుత పడుత భాయ్," అంది ధనలక్ష్మి.

సాగే గుడ్డతో రెండోది బిగుతుగానే వచ్చింది. మెడ వెనక 'నూర్ టైలర్స్' పట్టీ కూడా దర్జాగా కుట్టాడు. లాస్య మెడ గోక్కుని గోక్కుని ఏడుపు లంకించుకుంది. తల్లి గబగబా విప్పేసరికి మెడంతా ఎర్రబడి ఉంది.

"గా పేరు గుచ్చుతున్నది భాయ్. పక్కల కుట్లు సుత."

"పేరు లేకుంటే నేను కుట్టిన్నని ఎట్ల తెలుస్తది?"

"బడిల ఉంచుకుంటె కదా, పిల్ల నీ పేరు సదివేది!"

మూడోదానికి నూరుద్దీన్ కుట్లన్నీ బయటికి తిప్పాడు. పట్టీ కుట్టలేదు, మార్జిన్ వదల్లేదు. లాస్య దాన్ని తొడుక్కుని, గుడ్డపేలికల మీద ముడుచుకుని కూర్చుంది. విప్పమనలేదు.

పక్కన చాయ్ హోటలు నడిపే ఓదెలు తొంగి చూశాడు. "ఏంది భాయ్, ఉల్టా కుట్టినవ్? కండ్లు కనవడ్తలేవా?"

"నవాబుల ఫ్యాషన్ ఇది. చాయ్ కాసేటోనికి ఏం తెలుస్తది?"

ఆ వారం బడిలో గంట మోగితే లాస్య చెవులు మూసుకుంది, బెంచీ మీదే ఉండిపోయింది. అంతా బనీను మహిమే అనడానికి లేదు, టీచర్ ఆమెను గంటకు దూరంగా, గోడ పక్కన కూర్చోబెట్టింది కూడా. ఆ తర్వాత పిల్లను తీసుకుపొమ్మన్న మాట మళ్లీ రాలేదు.

చలికాలంలో ధనలక్ష్మి ఆ బనీను పట్టుకుని వచ్చింది, వెనక లాస్య.

"ఎక్కుతలేదు భాయ్, పిల్ల పెరిగింది. విప్పుదామంటే మడతల్లేవు. ఇది లేకుంటే బడికి పోనంటున్నది."

నూరుద్దీన్ బనీనును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, వీధంతా వినబడేలా కేకేశాడు. "ఓదెలూ! ఇగ సూడు! నా చేతి బట్ట పొట్టిగయింది!"

"గది గూడ గొప్పేనా భాయ్?"

"మా ఖాన్‌దాన్‌ల ఇదే మొదటిసారి. ఏనుగుకు సుత కాలే!"

టేపు తీశాడు. లాస్య ఒక కొస తానే గట్టిగా పట్టుకుంది. రెండో కొసతో ఆయన, ఆమెకు తగలకుండా, మెల్లగా చుట్టూ తిరిగాడు.