అయితే ఏటి?

పలాస కాలేజీలో మాకు ఇంగ్లిషు చెప్పిన సార్‌కి ఒకటే ఊతపదం, "అయితే ఏటి?" వ్యాసంలో ఉదాహరణ రాసేసి చేతులు దులుపుకుంటే ఆయనకు ఒళ్లు మండేది.

"జీడిపిక్క నా సేతిలో ఎట్టీసి పోతే నానేటి సేసుకోను? కొట్టి పప్పు తియ్యి. ఉదారణ పిక్క. దానివల్ల ఏటి తెలిసిందో, అదీ పప్పు" అనేవారు.

ఒకసారి సమయపాలన మీద వ్యాసం రాయమన్నారు. ఉదాహరణ కోసం నేను దూరం వెళ్లక్కర్లేకపోయింది. కోటబొమ్మాళి నుంచి రైల్లో వచ్చే ఆయనే ఉన్నారు. 'ఫర్ ఎగ్జాంపుల్, మా ఇంగ్లిషు సార్ రోజూ ఆలస్యంగా వస్తారు' అని ఇంగ్లిషులో రాసి ఇచ్చేశాను.

మర్నాడు ఆ వాక్యాన్ని క్లాసులో పైకి చదివారు. నన్ను లేపి, "ఉదారణ బాగుందమ్మా. అయితే ఏటి?" అన్నారు.

నేను నసుగుతూ అన్నాను, "అయితే... మాకు సగం పాఠం పోతంది సార్."

"అదీ పప్పు! అసలుది రాయకుండా ఒగ్గీసినావేటి?" అని రెండు మార్కులు కోసేశారు.

ఆ తర్వాతి రోజు మేం తాపీగా వెళ్లేసరికి ఆయన అప్పటికే క్లాసులో ఉన్నారు. బోర్డు మీద 'ఫర్ ఎగ్జాంపుల్' అని పెద్దగా రాసి, దాని కింద మా అందరి పేర్లూ వరసగా రాస్తున్నారు.

వెనక బెంచీలోంచి ఒకడు మెల్లగా అన్నాడు, "అయితే ఏటి సార్?"

సార్ వెనక్కి తిరిగి చూడకుండానే, నాకు కోసిన ఆ రెండు మార్కులూ వాడికి వేసేశానన్నారు.