ఎక్స్‌టర్నల్‌కు నాటుకోడి కూర

మా ఇంట్లో ఎవరికీ పగ నిలవదు. అమ్మ పొద్దున తిట్టి మధ్యాహ్నానికి మరిచిపోతుంది. నాన్నకు ఆ మాత్రం కూడా ఉండదు. నాకొక్కదానికే ఏడాది పాటు చెడకుండా నిలిచింది, ఉప్పు సరిగ్గా పడ్డ తొక్కులాగా.

మాది మిర్యాలగూడ. నాన్న రైస్‌మిల్లులో పని చేస్తాడు. నేను సూర్యాపేటలో కిరాయి గదిలో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ గదిలో పుస్తకాల కంటే పోపు డబ్బాలే ఎక్కువ. రికార్డు రాస్తూ రాస్తూ లేచి తాలింపు పెట్టేదాన్ని. ల్యాబులో బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా వదిలే ఓపిక, ఉల్లిగడ్డలు ఎర్రగా వేగేదాకా పొయ్యి దగ్గర నిలబడడం వల్లే వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. రెంటికీ టైము చాలక పరేషానయ్యేదాన్ని గానీ, ఒకదాన్ని వదిలేద్దామని ఎప్పుడూ అనిపించలేదు.

వదిలించాలని చూసింది మా హెడ్డు సారు. ఆయనది కోదాడ. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా వేసుకుని రోజూ బస్సులో వచ్చి పోయేవాడు. ఒకసారి నా టిఫిన్ బాక్సులో గోంగూర చికెన్ రుచి చూశాడు. అదే నా కొంప ముంచింది.

ప్రాక్టికల్ పరీక్షలకు వేరే ఊరి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. ఆ రోజు వాళ్ల భోజనం చూసుకోవాల్సింది స్టూడెంట్లే. ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. మామూలుగా హోటల్ నుంచి బిర్యానీ తెప్పిస్తారు. మొదటి ఏడాది మా సారు, "హోటల్ తిండెందుకు, మన అమ్మాయి ఉందిగా!" అన్నాడు.

"సార్, నాకు గూడ ప్రాక్టికల్ ఉన్నది," అన్నాను.

"నీ సంగతి నేను చూసుకుంటాలేమ్మా. నువ్వు నాటుకోడి సంగతి చూడు."

నమ్మాను. వంట ముగించి గిన్నెలు ఆటోలో పెట్టుకుని వచ్చేసరికి పరీక్ష సగం అయిపోయింది. నాకిచ్చిన సాల్టులో ఏముందో కనిపెట్టాలి. తొందరలో ఒక టెస్టు వదిలేసి తప్పు రాశాను. సారు చూసుకున్నది ఏమీ లేదు. క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు నావే. అవి చదువుతూ, "కూర మాత్రం ఫస్ట్ క్లాసమ్మా. నీకు కెమిస్ట్రీ ఎందుకు, కర్రీ పాయింట్ పెట్టుకో," అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపు రాలేదు. కడుపు మండింది.

రెండో ఏడాది పరీక్షల ముందు మళ్లీ పిలిచాడు. "ఈసారి కూడా నాటుకోడే..." అంటుండగానే, "సరే సార్," అన్నాను.

"నీకు సిగ్గులేదానే?" అని నా దోస్తు కోపం చేసింది. నిజానికి నా దగ్గర పథకమేమీ లేదు. రెండూ చేసి ఆయన నోరు మూయించాలన్న మొండితనం మాత్రం ఉంది. తెల్లవారుజామునే లేచి కోడి ఉడికించి, బగారన్నం దించి, అందరికంటే ముందు ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాను. టైట్రేషన్ కూడా అందరికంటే ముందే ముగించాను. వైవా ఒక్కటే మిగిలింది, అది భోజనాల తర్వాత.

ఎక్స్‌టర్నల్‌గా వచ్చింది ఒక మేడమ్. స్టాఫ్ రూములో ఇద్దరికీ నేనే వడ్డించాను. సారు బొక్క చప్పరిస్తూ చప్పరిస్తూ ఛాతీ మీద కూర ఒలకబోసుకున్నాడు. తెల్ల చొక్కా మీద అరచేయంత పసుపు మరక.

"సబ్బు తేమ్మా, తొందరగా!"

పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ఏ ఆడపిల్లనడిగినా చెప్తుంది. సబ్బు చేసేదీ ఆ పనే. ఆ పాఠం మాకు చెప్పింది కూడా సారే. పళ్లెం అంచున నిమ్మకాయ ముక్కలున్నాయి. నేను మాత్రం సబ్బే తెచ్చాను. పరుగెత్తుకుంటూ పోయి తెచ్చాను.

రుద్దాడు. మరక ఎర్రగా మారింది. కంగారుపడి ఇంకా రుద్దాడు. ఇంకా ఎర్రబడి బొడ్డు దాకా జారింది. "ఇదేదో డూప్లికేట్ సబ్బు," అన్నాడు.

మేడమ్ తినడం ఆపింది. "సార్, మీది కెమిస్ట్రీయే కద?" అని, నా వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, ఎందుకట్లయింది?" అని అడిగింది.

చెప్పాను. పసుపులో కర్క్యుమిన్ ఉంటుందని, క్షారం తగిలితే ఎర్రబడుతుందని, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకొస్తుందని.

"మరి తెలిసి తెలిసి సబ్బెందుకు తెచ్చినవ్?"

"నిరుడు నాకు పరీక్ష ఉన్నదని సార్‌కు తెలుసు మేడమ్. తెలిసే వంటకు పంపిన్రు."

సారు బల్ల మీది ఫైలు తీసి ఛాతీకి అడ్డం పెట్టుకున్నాడు. మేడమ్ చేతులు కడుక్కుని వచ్చి సారును కూర్చోబెట్టకుండా నా వైవా తనొక్కతే తీసుకుంది. మంచి మార్కులే వేసింది. మొదటి ఏడాదివి మాత్రం మెమోలో అట్లాగే ఉన్నాయి. ఉద్యోగానికి ఎక్కడికి పోయినా ముందు వాటి మీదే వేలు పెట్టి అడుగుతారు.

అందుకే ఆ సాయంత్రం చేసిన పనికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. పనేమీ లేకపోయినా బస్టాండుకు పోయాను. కోదాడ బస్సు దగ్గర సారు ఛాతీకి ఫైలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకో చేతిలో సంచి. బస్సెక్కాలంటే కడ్డీ పట్టుకోవాలి, కడ్డీ పట్టుకోవాలంటే ఫైలు దించాలి. ఆయన దించేదాకా అక్కడే నిలబడి చూశాను.