పాత ల్యాప్‌టాప్, ఎర్ర ఇంటూ గుర్తు

పాప పడుకున్నాక దాని వీపు మీద చెయ్యి వేసి చూడటం నాకు అలవాటైపోయింది. నా చెయ్యే వేడిగా ఉంటే పాప ఒంటి వేడి తెలియదేమోనని, ముందు అరచేతిని కాసేపు గోడకి ఆనించి, ఆ తర్వాత వేస్తాను. ఇప్పుడు కూడా అలా చూసి వచ్చే ఇది రాస్తున్నాను. మామూలుగానే ఉంది.

పదకొండో నెలలో పాపకి జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చాయి. మధ్యాహ్నం పూట, నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. కింద నుంచి మా అత్తమ్మ కేక వినపడింది. నేను మెట్లు దిగి వచ్చేసరికి పాప కళ్ళు పైకి తేలిపోయి ఉన్నాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. అత్తమ్మ పాప గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టి బిగించి పట్టుకుంది. రెండో చేత్తో గ్లాసు ఎత్తి నోట్లో నీళ్ళు పోయబోతోంది. నేను గ్లాసు లాగేశాను. ఆ నీళ్ళు మా ముగ్గురి మీదా పడ్డాయి.

ఆసుపత్రిలో డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. చిన్నపిల్లల్లో కొందరికి జ్వరం ఎక్కువైతే ఇలా వస్తుంది, అయిదారేళ్ళ దాకా మళ్ళీ రావచ్చు, ఎక్కువమందికి ఏ హానీ జరగదు. వచ్చినప్పుడు మాత్రం నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఆయన ఇంకా చాలా ధైర్యం చెప్పారు. ఇంటికొచ్చాక నాకు మిగిలింది "మళ్ళీ రావచ్చు" అన్న మాటొక్కటే.

నాలుగు నెలల తర్వాత గుంటూరులో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు లెక్కల లెక్చరర్‌గా రమ్మన్నారు. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను. మా ఆయన మాచర్ల వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు, ఆదివారం మాత్రమే ఇంటికి వస్తారు. ఇంట్లోకి రెండో జీతం కావాలని ఇద్దరం అనుకున్నదే. కానీ నరసరావుపేటలో పొద్దున ఏడింటికి బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అంతసేపూ పాప అత్తమ్మ దగ్గరే. అత్తమ్మకి మనవరాలంటే ప్రాణం, అందులో నాకు అనుమానం లేదు. అయినా కళ్ళు మూసుకుంటే ఆ నీళ్ళ గ్లాసే కనపడేది. ఈ సంగతి ఆమెతో అనలేను. ఆయనతో అంటే, వాళ్ళమ్మ మీద చెప్పినట్టవుతుంది. సోమవారంలోగా వచ్చేదీ లేనిదీ తేల్చి చెప్పమన్నారు కాలేజీ వాళ్ళు.

అప్పుడే నా పీజీ స్నేహితురాలు ఇంకో దారి చూపించింది. ఇంట్లో కూర్చుని పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగం. ముందు ఒక డెమో క్లాసు చెప్పాలి. శనివారం పదకొండింటికి. ఫోన్‌లో కుదరదు, ల్యాప్‌టాప్ ఉండాలి, కెమెరా, మైకు పనిచెయ్యాలి. ఆ టైముకి లింకులోకి రాలేకపోతే ఇంకో అవకాశం ఇవ్వరని మెయిల్‌లో రాశారు.

నా దగ్గరున్నది నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మా అన్నయ్య తను వాడాక ఇచ్చిన ల్యాప్‌టాప్. పెళ్ళయ్యాక బీరువా పైన దుప్పటిలో చుట్టి పెట్టాను. గురువారం దించి చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది, ఛార్జరు తీస్తే ఆరిపోతుంది. ఛార్జరుతో మాత్రం లేచింది. పై వాటాలో ఉండే ఇంటివాళ్ళు తమ వైఫై మమ్మల్నీ వాడుకోమన్నారు. ఆ పాస్‌వర్డ్ కొట్టగానే కనెక్టయింది. స్నేహితురాలికి వీడియో కాల్ చేసి నా మొహం నేను చూసుకున్నాను. చీకటిగా ఉంది కానీ కనపడుతోంది.

"ఇది పనిచేస్తే నేను గుంటూరు వెళ్ళక్కర్లేదు అత్తమ్మా" అన్నాను.

"ఈ పెట్టెతోనా?" అంది ఆమె.

శుక్రవారం పొద్దున పాపకి నీళ్ళు పోసి గదిలోకి వచ్చేసరికి సాంబ్రాణి పొగ. ల్యాప్‌టాప్ మూత మధ్యలో పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు, పక్కన ఒక బంతిపువ్వు. నాకు చిరాకేసింది. కానీ పైకేమీ అనకుండా తడిగుడ్డతో మూత మీది బొట్టు తుడిచేసి తెరిచాను.

కింద మూలన వైఫై గుర్తు మీద ఎర్ర ఇంటూ.

నొక్కితే నెట్‌వర్కుల పట్టీ ఖాళీ. మా ఇంటివాళ్ళది లేదు, ఎదురింటివాళ్ళది లేదు, ఏదీ లేదు. ఆపి మళ్ళీ పెట్టాను. అదే ఇంటూ. ఫోన్‌లో వెతికి, అందులో చెప్పిన చోట్లన్నీ నొక్కాను. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అదీ కనపడలేదు. వైరుతో ఫోన్ కలిపితే ఛార్జింగ్ ఎక్కింది గానీ నెట్ రాలేదు. పాప నా మోకాలు పట్టుకుని నిలబడి కీబోర్డు మీద అరచేత్తో కొడుతోంది. దాని చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టాను, కాస్త గట్టిగానే. అది ఏడ్చింది. ఏడుపుకి ఒళ్ళు వేడెక్కుతుందేమోనని మళ్ళీ భయం.

మధ్యాహ్నం పాపని చంకనేసుకుని, ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, ఆటోలో బస్టాండు పక్కనున్న కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. బల్ల వెనకాల కూర్చున్న పెద్దమనిషి దాన్ని చూసి నవ్వాడు.

"ఇది ఇంకా బతికే ఉందా మేడమ్? మా షాపు కంటే పాతదిది."

"నిన్న పనిచేసిందండీ. వైఫై పొద్దుట్నించీ రావట్లేదు."

తెరిచి ఏవేవో నొక్కి చూశాడు. స్క్రీనే చూశాడు తప్ప మిషన్ని అటూ ఇటూ తిప్పలేదు. "లోపల కార్డు పోయుంటది. విజయవాడ నుంచి తెప్పించాల. ఇక్కడ పెట్టి పోండి, బుధవారం కనుక్కోండి."

"రేపు పదకొండింటికి కావాలండీ."

"రేపా? బయట తగిలించే బుల్లి వైఫై ముక్క ఉంటది, అదన్నా ఇద్దామంటే స్టాకు లేదే." తర్వాత పాప వంక చూసి, "ఏమ్మా, మీ అమ్మకి కొత్తది కొనిపెట్టమని మీ నాన్నకి చెప్పగూడదా?" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎండ ఎదురుగా కొట్టింది. పాప తల మీద నా కొంగు కప్పాను. నుదురు వెచ్చగా తగిలింది. అది ఎండో, జ్వరమో తెలియలేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. అయినా మంచం మీద కూర్చుండిపోయాను. మనసులోనే సోమవారం గుంటూరు బస్సెక్కేశాను. ఏ సగం దారిలోనో ఫోన్ మోగినట్టు, అవతల అత్తమ్మ కేక వినపడినట్టు అనిపించింది.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే ఏడుపు గొంతుతోనే చెప్పాను. ఆయన షిఫ్టులో ఉన్నారు, వెనకాల మిషన్ల మోత. "పాత మోడల్ కదా, వైఫైకి విడిగా స్విచ్చేమన్నా ఉందేమో చూడు. మా ఆఫీసులో ఒకదానికి ఉండేది" అని అరిచి పెట్టేశారు.

కీబోర్డు పైన ఉన్న బటన్లన్నీ చూశాను. కుడి పక్క, ఎడమ పక్క చూశాను. అత్తమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏందే, దేనికి దేవులాడుతున్నావు?"

"స్విచ్చు ఏదో ఉంటుందంట అత్తమ్మా. ఇంతకీ పొద్దున దీనికి ఎక్కడెక్కడ పెట్టారు పసుపు?"

"యాడ బెడతా? మూత మీద బొట్టు బెట్టా. ముందు పక్క గడపలా ఉంది గదా, ఆడ పసుపు రాసి బొట్లు బెట్టా. శుక్రవారం గదే."

ల్యాప్‌టాప్ ఎత్తి ముందంచు దీపానికి చూపించాను. మన గడపకి రాసినట్టే ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు, మధ్యమధ్య మూడు కుంకుమ బొట్లు. మూత మీద తుడిచాను గానీ, కింది అంచు నా కంటికి ఆనలేదు. పసుపు ఎండి గట్టిపడిపోయింది. తడిగుడ్డతో నెమ్మదిగా రుద్దితే రెండో బొట్టు కింద గోరంత మీట ఒకటి బయటపడింది. దాని పక్కన చిన్న టవరు బొమ్మ. అత్తమ్మ బొటనవేలితో అదిమి పసుపు రాస్తూ పోయినప్పుడు అది ఆఫ్ వైపు జరిగి, ముద్దలో ఇరుక్కుపోయింది.

మీట కదల్లేదు. పిన్నీసు మొనతో సందుల్లో పసుపు గీకాను. విరిగిపోతుందేమోనని మెల్లగా గోటితో తోశాను. ఒక్కసారిగా జరిగింది. ముందంచు మీద చిన్న నీలం దీపం వెలిగింది. ఇంటూ పోయి, మా ఇంటివాళ్ళ వైఫై పేరు అన్నిటికంటే పైన వచ్చింది.

అప్పుడు కోపం వచ్చింది నాకు. పొద్దుట్నించీ పడ్డదంతా ఆ కోపంలో ఉంది.

"ఎవరు పెట్టమన్నారు అత్తమ్మా మిమ్మల్ని? నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది? రేపు ఇది పోతే నేను గుంటూరు పోవాలి, తెలుసా?"

"తెలుసు గాబట్టే బెట్టా" అంది అత్తమ్మ. "నువ్వు పోతే ఈ పిల్లతో పొద్దంతా నేనొక్కదాన్నే గదా. మళ్ళా అట్టా వస్తే? నా చేతుల్లో ఏదన్నా అయితే నేను బతకనే. నీకు చెప్తే, ముసల్దానికి పిల్లని చూసుకోను ఒళ్ళు బరువైంది అనుకుంటావని చెప్పలా. ఆ పెట్టె చల్లగా పనిచేస్తే నువ్వు ఇంట్లో ఉంటావు గదా అని దణ్ణం బెట్టుకున్నా."

ఇన్ని నెలలూ ఆమె వల్ల నేను భయపడుతున్నాననుకున్నాను. పక్క గదిలో ఆమె కూడా నిద్రపోవడం లేదని నాకు తట్టనే లేదు. పాప ఆమె మెడలో గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

ఆ పూటే చెప్పాను, డాక్టరుగారు చెప్పినవన్నీ. దిండుని పాపలా పడుకోబెట్టి, ఇలా పక్కకి తిప్పాలి, గడియారం చూడాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్ళు కూడా వద్దు అని చూపించాను. థర్మామీటరు చూడటం నేర్పి, జ్వరం మందు ఎంత పోయాలో కొలత మూత మీద పెన్నుతో గీత గీసి ఇచ్చాను.

"ఆ రోజు నీళ్ళు పోయబోయింది తప్పా అయితే?" అని అడిగింది.

"తప్పే అత్తమ్మా" అన్నాను. నాలుగు నెలలుగా గొంతులో ఉన్న మాట. ఆమె పాపని ఒళ్ళోంచి చాప మీదకి దించింది. తర్వాత దిండుని తనే ఇంకోసారి పక్కకి తిప్పి, "ఇట్టానా?" అంది.

శనివారం డెమో చెప్పాను. భిన్నాల కూడిక. బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోతే అంతే. ఫ్యాను ఒక్కసారి నెమ్మదించినా నా చూపు పైకి పోయేది. కరెంటు పోలేదు. మంగళవారం మెయిల్ వచ్చింది, తీసుకున్నారు. గుంటూరు వాళ్ళకి నేను సోమవారమే, ఇంకా ఏమీ తేలకముందే, రానని చెప్పేశాను. అది ధైర్యం కాదు. వస్తానని చెప్పడానికి నోరు రాలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మూడు క్లాసులు. తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని చెబుతాను. ఇంట్లోనే ఉన్నాను కదా అన్న నమ్మకంతో కాస్త నిద్ర కూడా పట్టసాగింది.

ఇవాళ మూడో క్లాసు ముగించి తలుపు తీసేసరికి అత్తమ్మ పాపని చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తోంది. పక్కన థర్మామీటరు, జ్వరం మందు సీసా.

"నూటొకటి దాటింది. మందు పోశా, నువ్వు గీత గీసినంతే. ఇప్పుడు తగ్గతంది."

"ఎప్పుడొచ్చింది?"

"నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు."

"నన్ను పిలవలేదేం?"

"పాఠం చెప్పుకుంటున్నావు గదే. ఫిట్సు రాలా. వస్తే పిలిచేదాన్ని."

అన్నీ సరిగ్గానే చేసింది. ఒక్క తప్పూ లేదు. అయినా నేను మళ్ళీ థర్మామీటరు పెట్టి చూశాను. గంటన్నర సేపు నా బిడ్డ జ్వరంతో ఉంది, నేను ఒక తలుపు అవతల కూర్చుని ఎవరి పిల్లలతోనో నవ్వుతూ వృత్తాల గురించి చెబుతున్నాను. గుంటూరులో ఉన్నా ఇంతే తెలిసేది.

జ్వరం పూర్తిగా దిగింది. అత్తమ్మ పాప పక్కనే చాప మీద పడుకుంది, చెయ్యి దాని పొట్ట మీద వేసి. ఇందాక నేను బల్లని గుమ్మం వైపు తిప్పాను. రేపట్నించి హెడ్‌ఫోన్ ఒక చెవికే. తలుపు తెరిచే ఉంచుతాను. కుక్కరు కూతలూ, పాప ఏడుపూ అవతలి పిల్లలకి వినపడితే వినపడనీ. కంపెనీ వాళ్ళు ఏమన్నా అంటారేమో. అంటే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. ఒంటిగంటకి మళ్ళీ చూడాలని ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.