కార్యదర్శిగారికి నచ్చని మైదానం

కార్యదర్శిగారికి నచ్చే మైదానం ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. గడ్డి కోయించి, సున్నంతో గీతలు గీసి, నాలుగు మూలలా జెండాలు పాతి, "రండి, చూడండి" అని పిలిస్తే ఆయన వచ్చి, చూసి, నిట్టూర్చి, "గడ్డి ఒక పక్కకి వాలింది కదండీ" అనేవారు. గడ్డి సంగతి చూస్తే గీత వంకర. గీత దిద్దితే గోల్‌పోస్టు వంకర. గోల్‌పోస్టు సరిచేస్తే, "మరి గాలి?" అనేవారు.

బతుకుతెరువుకి ఆయనది కళ్ళజోళ్ళ షాపు. మామూలు రోజుల్లో జనానికి చిన్న అక్షరాలు కనబడేలా చేసేవారు. ఆదివారం వస్తే షాపు మూసేసి, ఎవరికీ కనబడని లోపాలు తను చూడటానికి బయల్దేరేవారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి నడిచే పిల్లల ఫుట్‌బాల్ లీగుకి ఆయన కార్యదర్శి.

లీగంటే అల్లాటప్పా వ్యవహారం కాదు. పైన ప్రాంతీయ సంఘం, దాని పైన ఇంకో పెద్ద సంఘం. కింద అధ్యక్షుడు, కోశాధికారి, క్రమశిక్షణ కమిటీ, ఆ కమిటీని అదుపులో పెట్టడానికి మరో కమిటీ. పిల్లల వయసు చూసేవాళ్ళు ఒకరు, ఏ జట్టు ఎవరితో ఆడాలో రాసేవాళ్ళు ఒకరు. ఇంతమంది పెద్దలూ కలిసి కార్యదర్శిగారికి ఇచ్చిన అధికారం ఒక్కటే. ఆటకి ముందు మైదానం చూడాలి. బాగుంటే సరే, బాగులేకపోతే వాయిదా. వాయిదా పడ్డ ఆటకి ఎవరి పాయింట్లూ పోవు, ఇంకో ఆదివారం ఆడుకోవచ్చు. ఆ ఒక్క అధికారాన్నీ ఆయన చక్రవర్తిలా వాడుకున్నారు. పిల్లలు ముద్దుగా "వాయిదా తాతయ్య" అనేవారు. కోచ్‌లు ఏమనేవారో ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

ఈ జబ్బు మైదానం గేటు దగ్గర ఆగిపోతే ఆయన భార్య పట్టించుకునేది కాదు. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున ఆయన వంటగది చూడలేదు, కుళాయి తిప్పలేదు. జేబులోంచి గోళీ తీసి హాలు మధ్యలో వదిలారు. అది తీరిగ్గా దొర్లుకుంటూ పోయి ఇంటి ఓనరు చెప్పుకి తగిలి ఆగింది.

"ఆ గోడ వైపుకి వాలుంది," అన్నారు.

"మనం ఇక్కడ కాపురం చేస్తామండీ, కార్నర్ కిక్కులు కొట్టుకోం," అంది ఆవిడ.

"సరేలే. ఆట సగమయ్యాక వైపులు మార్చుకుంటే సరిపోతుంది."

అన్నంత పనీ చేశారు. ఏడాదికి రెండుసార్లు మంచం ఆ గోడ నుంచి ఈ గోడకి మార్పించేవారు. మంచం జరిపే ముందు ఈల వెయ్యలేదంటే, అది ఆవిడ పట్ల ఆయనకున్న గౌరవం అనుకోవాలి.

ఒకసారి గోల్‌పోస్టు లోపల ఊరకుక్క పిల్లల్ని పెట్టింది.

"ఎత్తి పక్కన పెడదామండీ," అన్నాడు బ్యాంకు కాలనీ జట్టు కోచ్.

"బాలింతనా?" అన్నారు కార్యదర్శిగారు. ఆ అన్న తీరుకి కోచ్ తల వంచుకున్నాడు. ఆట వాయిదా.

ఇంకోసారి మబ్బు లేదు, బురద లేదు, కుక్కా లేదు. ఆయన గోల్ ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎండ గోల్‌కీపర్ కళ్ళల్లో కొడుతోంది," అన్నారు.

"సూర్యుణ్ణి వాయిదా వెయ్యలేం కదా సార్!"

"అందుకేగా ఆటని వేస్తున్నాను."

చివరికి కోచ్‌లందరూ మూకుమ్మడిగా వెళ్ళి అధ్యక్షుడుగారి కొట్టు ముందు నిలబడ్డారు. అధ్యక్షుడుగారిది ఇనుప సామాన్ల కొట్టు. కార్యదర్శిగారి భార్యని చెల్లెమ్మా అంటారు కాబట్టి కార్యదర్శిగారు ఆయనకి బావగారు. అంత చుట్టరికమూ పక్కన పెట్టి ఆయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోనే చెప్పేశారు.

"బావగారూ, ఇంకొక్క వాయిదా. ఒక్కటంటే ఒక్కటి. వేశారో, మర్నాడే కొత్త కార్యదర్శి."

కార్యదర్శిగారు మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళగానే ఆయన భార్య అధ్యక్షుడుగారి వెనకాలే మెట్లు దిగింది.

"అన్నయ్యగారూ, ఏ శిక్షయినా వెయ్యండి, పదవి మాత్రం తియ్యకండి. ఆదివారాలు కూడా ఈయన ఇంట్లో ఉంటే నేను తట్టుకోలేను. మొన్న వానలకి లీగు ఆగిపోతే వంటింట్లో దూరారు. డబ్బాలన్నీ జట్టుగా నిలబెట్టారు. ఉప్పు గోల్‌కీపరట! చక్కెర ముందు వరసట! టీలో చక్కెర వేద్దామని తీస్తే, ఆట మధ్యలో మనిషిని మార్చడానికి నన్నడగాలి అంటారు!"

అధ్యక్షుడుగారు నవ్వాపుకుని, "అయితే ఈ ఆదివారం మీరూ రండి చెల్లెమ్మా. ఆయన నోరు తెరవకుండా చూసే పూచీ మీది," అన్నారు.

"నాది," అంది ఆవిడ.

ఆ ఆదివారం ఆట బ్యాంకు కాలనీ జట్టుకీ, కలప మిల్లు జట్టుకీ. అధ్యక్షుడుగారు తెల్లారకముందే వచ్చి గడ్డి సమంగా కోయించారు, కొత్త వలలు కట్టించారు. తన కొట్లోంచి రసమట్టం తెచ్చి గోల్‌పోస్టు మీద పెట్టి, బుడగ సరిగ్గా మధ్యలో నిలిచేదాకా మేస్త్రీని వదల్లేదు. కాలనీ పిల్లలు తళతళలాడే బూట్లతో కసరత్తు చేస్తున్నారు. మిల్లు పిల్లలు ఇంకా రాలేదు.

కార్యదర్శిగారు పరీక్ష మొదలుపెట్టారు. వంగారు, లేచారు. గీత వెంట నడిచారు. వల కన్నాల్లో వేలు పెట్టి చూశారు. బంతి దొర్లించారు. అది బుద్ధిమంతుల పిల్లలా తిన్నగా వెళ్ళింది. ఆయన మొహం మాత్రం అంతకంతకూ పాలిపోతోంది.

"బాగుందా బావగారూ?" అన్నారు అధ్యక్షుడుగారు.

"బాగుంది," అన్నారు కార్యదర్శిగారు, ఎవరో పోయారని చెబుతున్నట్టు.

అధ్యక్షుడుగారు ఆనందం పట్టలేక మేస్త్రీని కావలించుకున్నారు. ఆవిడా హమ్మయ్య అనుకుంది. కానీ ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి కొన్ని చెప్పకుండానే కనబడతాయి. ఆయన గడ్డి మీదికి వంగుతున్నారు, చూపు మాత్రం గడ్డి మీద లేదు. వల పట్టుకుంటున్నారు, మెడ గేటు వైపు తిరిగి ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరి కోసమండీ చూస్తున్నారు?"

"మిల్లు వ్యాను," అన్నారాయన గొంతు తగ్గించి. "అటు బస్సు లేదు. వ్యాను కలప దింపి వెనక్కి వెళితేగాని పిల్లలు ఎక్కరు. రిఫరీ ఈల వేసేటప్పటికి ఏడుగురు గీత మీద లేకపోతే ఆడకుండానే మూడు సున్నాతో ఓడినట్టు. అలా ఒకసారి ఇప్పటికే అయింది, నాకు జ్వరమొచ్చి నేను రాని రోజున. ఇంకోసారైతే జట్టునే లీగులోంచి తీసేస్తారు. వేరే జట్టులోకి పోవడానికి కూడా ఈ ఏడాది వీల్లేదు. రూలు."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"కుక్క పిల్లల్ని పెట్టిన రోజు?"

"ఆ రోజూ వ్యాను రాలేదు."

"ఎండ గోల్‌కీపర్ కళ్ళల్లో పడ్డ రోజు?"

"టైరు పంక్చరు."

"మరి మన మంచం?"

"అది నిజంగానే వాలు."

ఆవిడకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "పిల్లలకి ఆలస్యమవుతుంది, కాస్త ఆగండయ్యా అని నోరు తెరిచి అడగొచ్చుగా! ఊరందరి చేతా తిట్లు తినే బదులు!"

"అడిగితే ఒకసారి ఆగుతారు. రెండోసారి విసుక్కుంటారు. మూడోసారి నుంచి వాళ్ళు జాలిపడి ఆడనిచ్చిన పిల్లలైపోతారు. తప్పు మైదానం మీదికి తోసేస్తే గొడవే లేదు. మైదానానికేం సిగ్గు?"

"అయితే ఈ రోజూ తోసెయ్యండి!"

"ఎక్కడుందే తప్పు? ఇన్నేళ్ళలో నేను ఉన్న లోపాన్నే చూపించాను. లేనిది చెప్పలేదు. మీ అన్నయ్యగారు ఈ రోజు ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్చలేదు!"

ఆయన అంత దీనంగా మాట్లాడటం ఆవిడ ఎన్నడూ వినలేదు. అవతల రిఫరీ చెయ్యి ఎత్తి టైమైందని సైగ చేసింది. రిఫరీ ఆసుపత్రిలో నర్సు. ఆమె ఈల నోటి దగ్గరికి వెళ్ళడం ఆవిడ చూసింది. చేతిలో సంచీ ఆయన చేతిలో పెట్టి, చకచకా నడిచి, మైదానం సరిగ్గా మధ్యలోకి వెళ్ళి, చతికిలబడింది.

"చెల్లెమ్మా!" అధ్యక్షుడుగారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది?"

"మోకాలు పట్టేసింది అన్నయ్యగారూ."

"రెండో కాలి మీద బలం పెట్టి లేవండి!"

"అదీ దానికి తోడు పోయింది."

"ఇంతసేపూ బానే నడిచారుగా!"

"అదేనండీ, బాగా నడిచేసరికి పట్టేసింది."

నర్సమ్మ వచ్చి పక్కన మోకరిల్లి అక్కడక్కడా నొక్కి చూసింది. "ఇక్కడ నొప్పా పిన్నిగారూ?"

"ఆఁ," అంది ఆవిడ, గేటు వైపు చూస్తూ.

"ఇక్కడ?"

"అబ్బా, అక్కడే!"

"ఇది నా మోకాలండీ పిన్నిగారూ."

ఆవిడ తేలుకుట్టినట్టు తల తిప్పింది. నర్సమ్మ ఆవిడ మొహం చూసింది, ఆవిడ చూస్తున్న గేటు వైపు చూసింది, ఖాళీగా ఉన్న రెండో సగం మైదానాన్ని చూసింది. లేచి నిలబడి, ఈల తీసి జేబులో వేసుకుంది.

"లోపల మనిషి ఉండగా ఆట మొదలుపెట్టకూడదు. కదిలిస్తే కీలు తప్పినా తప్పొచ్చు. కాస్త ఆగుదాం."

"బావగారూ, మీరైనా చెప్పండి!" అని అధ్యక్షుడుగారు మొత్తుకున్నారు.

కార్యదర్శిగారు నెమ్మదిగా వచ్చారు. భార్య చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి, ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూశారు. మొహంలోకి రక్తం మళ్ళీ వచ్చింది.

"లోపం కనబడింది," అన్నారు. "గట్టిదే. నాకు బాగా తెలిసిన రకం. తనంతట తను కదలాల్సిందే, ఒకరు కదిపితే కదిలేది కాదు."

"కొంపదీసి వాయిదానా?"

"ఛ ఛ. ఆగితే చాలు."

కాలనీ కోచ్ అటు తిరిగి ఏదో గొణుక్కున్నాడు. ఆవిడ అక్కడే కూర్చుని అధ్యక్షుడుగారి భార్య ఆరోగ్యం అడిగింది, కొట్లో మేకుల ధర అడిగింది, తాళాల్లో ఏది మంచిదని అడిగింది. ఆయన తాళాల గురించి చెబుతూ చెబుతూ తనే మర్చిపోయి పక్కన కూర్చున్నారు. అప్పుడు గేట్లోంచి వ్యాను దూసుకొచ్చింది. జుట్టు నిండా రంపపు పొట్టుతో మిల్లు పిల్లలు దూకారు. ఒకడు మేజోడు లాక్కుంటూ, ఒకడు చొక్కా తిరగేసి తొడుక్కుంటూ గీత మీదికి పరిగెత్తారు.

ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, గడ్డి దులుపుకుని వెళ్ళిపోయింది.

ఇనుము అమ్మినా అధ్యక్షుడుగారి బుర్ర ఇనుముది కాదు. నేల మీద కూర్చున్న చోటి నుంచే ఆ వ్యాను కేసి చూశారు, పిల్లల కేసి చూశారు. ఆయన లోపల పాత వాయిదాలన్నీ ఒక్కొక్కటే తిరిగినట్టున్నాయి.

"ఎన్నాళ్ళుగా బావగారూ?" అన్నారు మెల్లిగా.

"ఏది?"

"అదే."

"గడ్డి ఈసారి సమంగా కోయించారు," అన్నారు కార్యదర్శిగారు.

అధ్యక్షుడుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "వచ్చే మీటింగులో తీర్మానం పెడతాను. ఇకనుంచి మైదానాన్ని ఒక్కరు చూస్తే చాలదు, ఇద్దరు చూడాలి. రెండో మనిషి మా చెల్లెమ్మ. ఇద్దరి మాటా ఒకటైతేనే ఆట. ఒకటి కాకపోతే, అయ్యేదాకా వాదించుకోండి. తొందరేం లేదు."

"అలాగైతే మిల్లు వాళ్ళు నడిచొచ్చినా సరిపోతుంది అన్నయ్యగారూ," అంది ఆవిడ.

ఆట జరిగింది. రాకపోయి ఉంటే మూడు సున్నాతో ఓడేవాళ్ళు మిల్లు పిల్లలు. వచ్చి, ఆడి, నాలుగు సున్నాతో ఓడారు. వాళ్ళ ఆనందం చూస్తే గెలిచిన కాలనీ పిల్లలకి కాస్త అనుమానం కూడా వచ్చింది. వ్యాను గేటు దాటేదాకా వాళ్ళ కేకలు వినబడుతూనే ఉన్నాయి.

కార్యదర్శిగారు భార్య సంచీ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టారు. సగం దారిదాకా నేల చూస్తూ నడిచారు. ఏదో మంచి మాట కూడదీసుకుంటున్నారని ఆవిడ ఓపిగ్గా నడిచింది.

"ఏమే."

"ఊఁ?"

"నువ్వు కూర్చున్న చోట గడ్డి బాగా అణిగిపోయింది. బంతి అక్కడ సరిగ్గా లేవలేదు, చూశావా? నన్నడిగితే, ఈ ఆట వాయిదా వెయ్యాల్సింది."