ముందుగది భాష

శనివారం పొద్దున ఎనిమిదింటికి స్పానిష్ క్లాసు పెడితే ఎవరొస్తారని కాలేజీలో అందరూ నవ్వారు. వారమంతా పనులు చేసుకునేవాళ్లు వస్తారని ఎలోదియా బెనవీదెస్ అంది. అన్నట్టే వచ్చారు. ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో బార్బకోవా మాంసం చుట్టిన టోర్టియా రొట్టె పట్టుకుని, నిద్రకళ్లతో వచ్చి కూర్చునేవారు. క్లినిక్కుల్లో ఫోన్లెత్తే అమ్మాయిలు, లారీ డ్రైవర్లు, సరిహద్దు గస్తీ ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్లు. వీళ్లలో స్పానిష్ రానివాళ్లు ఒక్కరూ లేరు. నదికి ఇవతల, టెక్సస్ వైపు పుట్టినా, ఉగ్గుపాలతో నేర్చింది ఆ భాషే. కోపమొచ్చినా, ప్రేమొచ్చినా, కాలికి రాయి తగిలినా నోట్లోంచి వచ్చేది అదే. అయినా మీకు స్పానిష్ వచ్చా అని అడిగితే మాత్రం తలలు దించుకునేవారు.

"వచ్చు గానీ మిస్, మాది వంటింటి స్పానిష్. బయటికి తీస్తే పరువు పోద్ది," అనేవారు.

ఆ సిగ్గు ఎలోదియాకు కొత్తది కాదు. ఆమె తల్లి ఉల్లిపాయల గోదాములో పనిచేసేది. ఎలోదియా ఉత్తరాన పెద్ద యూనివర్సిటీలో చదువుకోవడానికి వెళ్లినప్పుడు, సముద్రాలు దాటొచ్చిన ఒక ప్రొఫెసరు ఆమె స్పానిష్‌లో రాసింది చదివి, ఇది ఏ భాష అమ్మాయ్ అని క్లాసందరి ముందూ అడిగాడు. వేరే పిల్లయితే ఏడ్చేది. ఎలోదియాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే రెండు డిగ్రీలు తెచ్చుకుంది. మంట చల్లారాక తన ఊరికి తిరిగొచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అప్పటినుంచీ ఈ పని తప్ప ఇంకో పని కావాలని ఆమెకు ఏనాడూ అనిపించలేదు.

మొదటి రోజు క్లాసులో ఆమె ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేది. "మీ ఇంటి మాట తప్పు అని ఎవరన్నా అంటే వాళ్లని గుమ్మం బయట నిలబెడతా. అది వంటింటి మాట, దాంతోనే మనందరి కడుపులూ నిండాయి. కానీ ఇంటికి పెద్దమనిషి వస్తే పొయ్యి పక్కన కూర్చోబెడతామా? ముందుగదిలో కూర్చోబెడతాం. నేను నేర్పేది ముందుగది భాష. రెండు గదులూ మీ ఇంట్లోవే."

ఆమె భర్త రుమాల్దోకు ఊరి చివర టైర్ల షాపు ఉంది. భార్య ఉద్యోగం గురించి ఎవరడిగినా, "ఏముంది, జనం భాష జనానికే అమ్ముతుంది మా ప్రొఫెసరమ్మ," అనేవాడు.

"నువ్వు గాలి అమ్మట్లేదూ?" అనేది ఆమె. ఇన్నేళ్ల కాపురంలో ఈ ముక్క ఎన్నిసార్లు అనుకున్నారో లెక్క లేదు. ఇద్దరికీ ప్రతిసారీ నవ్వొచ్చేది.

ఆ వసంతంలో యాదిరా సోలిస్ అనే అమ్మాయి క్లాసులో చేరింది. క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని రోగులకు అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. మొదటి క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, బల్ల దగ్గరికొచ్చింది.

"మిస్, నాకు గ్రేడ్ ఇంపార్టెంట్ కాదు. ఒక్క పని కోసం వచ్చా. మా తమ్ముడికి పిల్లని అడగాలి."

తమ్ముడు లెయోబార్దో. గాలిమరలెక్కి రిపేర్లు చేస్తాడు. ఆకాశంలో వేలాడటానికి భయపడడు గానీ, తను ప్రేమించిన ఇదాలియా తాతగారు, అందరూ గౌరవంగా దోన్ అబుందియో అని పిలిచే ఆయనంటే వాడికి వణుకు. ఇదాలియాను పెంచింది తాతా అమ్మమ్మే. వాళ్లది ఊరికి దూరంగా మేకలున్న పాత పొలం ఇల్లు, రాంచో. కోర్టులో సంతకాలు పెట్టేద్దామని వాడంటే, ఇదాలియా ఒకటే మాటంది: మా తాతని వచ్చి అడగాలి, పద్ధతిగా అడగాలి, లేకపోతే నేను గడప దాటను.

"అడగాల్సింది నాన్న. ఆయన పోయారు. మా బాబాయిలు చెర్రీ తోటల పనికి మిషిగన్ వెళ్లిపోయారు. మా అమ్మ సంగతి చెప్పక్కర్లేదు, గుడ్ మార్నింగ్ చెప్పడానికే ఏడుస్తది."

"నీ తమ్ముడు?"

"పెళ్లికొడుకు తన కోసం తను అడక్కూడదంట కదా మిస్. అయినా వాడు నోరు తెరిస్తే మూడు మాటల్లో రెండు ఇంగ్లీషే. ఆ ముసలాయన వాడి వెనక కుక్కల్ని వదుల్తాడు."

ఎలోదియాకు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష కోసం వచ్చేవాళ్లనూ, ప్రమోషన్ కోసం వచ్చేవాళ్లనూ చూసింది గానీ, ఒక ఇల్లు నిలబెట్టడానికి భాష కావాలని వచ్చిన పిల్లను చూడటం ఇదే మొదలు. క్లాసు మొత్తాన్నీ పెళ్లిపనిలోకి దింపింది. గుమారో అనే లావుపాటి లారీ డ్రైవరును తాతగారిగా కూర్చోబెట్టింది. యాదిరా వచ్చి, కానుకల బుట్ట పెట్టి, నిలబడి అడగాలి.

"మాన్యులు దోన్ అబుందియో గారికి మా కుటుంబం తరఫున వినయపూర్వక నమస్కారములు. తమ గృహమునకు విచ్చేయుటకు కారణమేమనగా..."

"మిస్, ఇది పెళ్లి మాటా, కోర్టు నోటీసా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

"నువ్వు పెళ్లి చేసుకునేటప్పుడు నోటీసే ఇద్దువుగాని, ఇప్పుడు నోర్మూసుకో," అంది ఎలోదియా. గుమారో మీసం దువ్వుకుని, "మీ వాడు తాగుతాడా? రాత్రిళ్లు ఇంటికొస్తాడా?" అని నిలదీసేవాడు, ఆఖర్న పిల్లనిచ్చే పెద్దల మాటలూ తనే వల్లించేవాడు. యాదిరా తడబడేది, మళ్లీ మొదలుపెట్టేది. పెద్దాయన్ని నువ్వు అని నాలుక జారిన ప్రతిసారీ క్లాసంతా ఓ అని అరిచేవారు. ఈస్టర్ దాటేసరికి ఆ పిల్ల నోట్లో మాటలు నీళ్లలా దొర్లాయి. ఎలోదియా ఇంటికెళ్లి ఆ ప్రసంగం మొత్తం రుమాల్దోకు అప్పజెప్పింది. అతను విని, "నన్నడిగితే నేనే ఇచ్చేస్తా. మన దగ్గర పిల్ల లేకపోయిందిగానీ," అన్నాడు.

ఆదివారం యాదిరా వాళ్లు రాంచోకు వెళ్లారు. తర్వాతి శనివారం క్లాసులో ఎలోదియా మిఠాయి రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. యాదిరా మాత్రం ఆఖరి వరుసలో కూర్చుని తల ఎత్తలేదు.

"కాదన్నారు మిస్."

క్లాసు చప్పబడిపోయింది.

"తప్పేమన్నా మాట్లాడావా?"

"ఒక్క ముక్క తప్పలేదు. ఆయన కళ్లార్పకుండా విన్నారు. విని, 'మీ మాట విన్నాం. మా పెద్దలతో ఆలోచించుకోవాలి. పదిహేను రోజుల తర్వాత దయచేయండి' అన్నారు."

"మరి అది కాదనడం ఎట్లా అయింది?"

యాదిరా విరక్తిగా నవ్వింది. "మిస్, నేను చేసేది క్లినిక్‌లో. 'చూసి మేమే ఫోన్ చేస్తాం' అని రోజూ ఎంతమందికి చెప్తానో నాకు తెలీదా? దానర్థం ఇక రావొద్దని. నేను అల్లరి చెయ్యలేదు. మీరు నేర్పినట్టే మర్యాదగా సెలవు తీసుకుని, బుట్ట పట్టుకుని వచ్చేశా."

ఎలోదియా రెండడుగులు ముందుకొచ్చింది. "ఏ బుట్ట?"

"మేం తీసుకెళ్లిందే. చాక్లెట్, కాఫీ, రొట్టెలు. వాళ్లు వద్దన్నాక అక్కడే వదిలేస్తే చీప్‌గా ఉంటది కదా, లంచం పెట్టినట్టు."

"ఓసి నా తల్లీ!" అంటూ ఎలోదియా కుర్చీలో కూలబడింది.

బుట్ట పిల్ల ఇంట్లో ఉన్నన్నాళ్లూ మాట నడుస్తున్నట్టు. సంబంధం ఇష్టం లేకపోతే పిల్ల తరఫువాళ్లే దాన్ని తిప్పి పంపిస్తారు. అడగడానికి వెళ్లినవాళ్లే ఎత్తుకొచ్చారంటే, చూశాం, మీ పిల్ల మాకొద్దు అని మొహం మీద చెప్పినట్టే. ఇక గడువంటారా, అది అడగ్గానే ఇచ్చేయకుండా ఉండటం కోసం. అడిగిన రోజే ఊ అంటే, పిల్ల వాళ్లకు బరువైందని లోకం అనుకుంటుంది. ఇవన్నీ ఎలోదియా చిన్నప్పుడు పెద్దవాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని చూసినవే. అందరికీ తెలుసు కదా అనుకుని చెప్పలేదు. ఈ పిల్లల అమ్మానాన్నలు కోర్టులో సంతకాలు పెట్టి పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లని ఆమెకు తట్టలేదు. మాట్లాడటం అంతా నేర్పింది, ఊరుకోవడం నేర్పలేదు. తన మీద తనకే చిరాకేసింది.

"ఇదాలియా ఫోన్ ఎత్తట్లేదు మిస్. 'మా తాతకి అంత అవమానం చేస్తారా' అని ఒక్క మెసేజ్ పెట్టింది, అంతే. మా వాడు తిండి మానేశాడు." యాదిరాకు ఏడుపొచ్చేసింది. "అబద్ధం, మానలేదు. బుట్టలో రొట్టెలన్నీ వాడే తినేశాడు, దిగులుతో."

నవ్వాలో ఏడవాలో తెలీక గుమారో దగ్గాడు.

మర్నాడు ఎలోదియా తన కారులో యాదిరాను ఎక్కించుకుంది. ఒళ్లో కొత్త బుట్ట. దారంతా యాదిరాది ఒకటే గొడవ, మీరే మాట్లాడండి మిస్, మీరు ప్రొఫెసర్, మీ మాటైతే వింటారు అని.

"నేను మాట్లాడితే అడిగింది నేనవుతా. నీ తమ్ముడు నాకేమన్నా కొడుకా?"

రాంచోలో తలుపు తీసింది దోన్యా కూకా, ఇదాలియా అమ్మమ్మ. బుట్టను చూసింది, మా టీచరని యాదిరా చూపించిన ఎలోదియాను చూసింది. ముందుగదిలోకి పిలవలేదు, పెరటి దారిన వంటింట్లోకి తీసుకెళ్లింది. ముసలాయన మేకల దగ్గరున్నాడట. కాఫీ కప్పులు ముందు పెట్టి గొంతు తగ్గించింది.

"చూడు టీచరమ్మా, మాకు ముగ్గురు కూతుళ్లు. పెద్దది చెప్పకుండా వెళ్లిపోయింది. రెండోది హ్యూస్టన్ నుంచి ఫోన్ చేసింది, నాన్నా పెళ్లయిపోయిందని. ఇదాలియా వాళ్లమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఈ ఇంటికొచ్చి ఈయన్ని అడగలేదు. మీరు వస్తున్నారని తెలిసి ఈయన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. మీరు అలా బుట్ట ఎత్తుకుని వెళ్లాక చీకటిపడేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు."

యాదిరా కప్పు కింద పెట్టేసింది. ఇంతలో పెరటి తలుపు చప్పుడైంది. దోన్ అబుందియో పొట్టి మనిషి, ఎండకు నల్లబడ్డ మొహం. టోపీ తియ్యకుండానే నిలబడ్డాడు.

"ఏం మర్చిపోయారు? ఇంకేమన్నా తీసుకెళ్లాలా?"

యాదిరా లేచింది. మాన్యులు అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఎలోదియా వైపు చూడలేదు.

"తాతా, నాకు తెలీలేదు. ఒట్టు. నేను క్లినిక్‌లో పనిచేస్తా. అక్కడ తర్వాత రండి అంటే ఇక రావొద్దని అర్థం. మీరూ అలాగే అన్నారనుకున్నా. బుట్ట వదిలేస్తే మీకు ఇబ్బంది అనుకున్నా. మా నాన్న ఉంటే ఇవన్నీ చెప్పేవాడు, లేడు. మా తమ్ముడికి మీ ఇదాలియా అంటే ప్రాణం. వాడి తప్పేం లేదు, నాదే. తిట్టాలంటే నన్ను తిట్టండి, పిల్లని మాత్రం కాదనకండి."

అంతా వంటింటి భాష. మధ్యలో రెండు ఇంగ్లీషు ముక్కలు కూడా దొర్లాయి. ఎలోదియా ఒక్కటీ సరిదిద్దలేదు.

ముసలాయన యాదిరాను ఎగాదిగా చూశాడు. టోపీ తీసి మేకుకు తగిలించాడు.

"మీ నాన్న పేరేంటి?"

"ఎవెలియో సోలిస్."

"బుట్ట లోపల పెట్టు. ఇక్కడ కాదు, ముందుగదిలో. మళ్లీ మొదటినుంచీ లెక్క. పదిహేను రోజులు. ఒక్కరోజు ముందొచ్చినా తలుపు తియ్యను."

తిరిగొచ్చేటప్పుడు యాదిరా కారులో పాటలు పెట్టింది. ఎలోదియాకు గొంతు లేదు, అయినా పాడింది. ఇంటికెళ్లి చెబితే రుమాల్దో, "అయితే ఈ నెల నీ జీతం ఆ ముసలాయనకి ఇవ్వాలి. పాఠం ఆయన చెప్పాడు," అన్నాడు. "ఇస్తా," అంది ఆమె. ఓడిపోయినా సంతోషంగానే ఉంది.

ఆ రెండువారాలూ క్లాసులో యాదిరా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. ఇదాలియా నుంచి ఫోన్ లేదు, కబురు లేదు. బుట్ట మాత్రం తిరిగి రాలేదు. రోజూ పొద్దున్నే లెయోబార్దో వాకిట్లోకొచ్చి చూసి, లేదని తేల్చుకుని, అప్పుడు పనికెళ్లేవాడు.

గడువు రోజున దోన్ అబుందియో ముందుగదిలో కుర్చీలన్నీ గోడకు వేశారు. లెయోబార్దో కాలర్ బిగుసుకుని ఊపిరాడక కూర్చున్నాడు. తల్లి ఒర్తెన్సియా చేతిరుమాలు సిద్ధంగా పట్టుకుంది. ఎలోదియాను కూడా పిలిచారు, మూల కుర్చీ ఇచ్చారు. ఇదాలియా తలుపు దగ్గర అమ్మమ్మ వెనక నిలబడింది. ముసలాయన తెల్ల చొక్కా మడత నలగకుండా లేచి నిలబడ్డాడు.

"గౌరవనీయులైన సోలిస్ కుటుంబీకులకు... తమరు మా గృహమును పావనం చేసి... మా మనుమరాలి విషయమై తెలిపిన కోరికను మేము..."

ఆగిపోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

తర్వాత రావాల్సిన మాట యాదిరాకు తెలుసు. గుమారో ముందు నిలబడి ఎన్నిసార్లు విన్నదో. ఎలోదియాకైతే నాలుక చివరికే వచ్చేసింది. పిల్లలు తడబడితే అందించడం ఆమె బతుకంతా చేసిన పని. పళ్లు బిగబట్టి ఊరుకుంది. యాదిరా కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. ఒర్తెన్సియా ఏడవడం కూడా మర్చిపోయింది.

ముసలాయన మనవరాలి వైపు చూశాడు.

"తీసుకెళ్లండి," అన్నాడు. "మంచి పిల్ల. ఆదివారాలు మాత్రం పంపండి."

దోన్యా కూకా కళ్లు తుడుచుకుంటూ కస్సుమంది. "అంతేనా? పదిహేను రోజులు అద్దం ముందు నిలబడి వల్లించింది ఇదేనా? నా ప్రాణం తోడేశావు కదయ్యా!"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"వచ్చి అడిగారే కూకా," అన్నాడు. "మనింటికొచ్చి అడిగారు. రెండుసార్లు అడిగారు."